పోపుల పెట్టెలో ప్రపంచ రికార్డులు

ఎత్తయిన కొండ, పొడవైన నది, చిరుతపులి పరుగు. రికార్డుల పుస్తకం తిరగేస్తే ఎక్కువగా ఇంటి బయటి సంగతులే కనబడతాయి. వంటింటి అల్మరాలోనూ, బాత్రూం మూలనున్న సీసాల్లోనూ అంతకు తీసిపోని ఘనులున్నారు. కారం, చేదు, తీపి, కంపు అన్నవాటికి తొలి కొలబద్దలు నాలుకా, ముక్కే. కాబట్టి కింద చెప్పే రికార్డుల్లో చాలావాటిలో సగం గొప్ప పదార్థానిది, మిగతా సగం మన ఒంటిది.

కారంలో మొనగాడు

మిరపకాయ ఘాటును అంకెల్లోకి దించినవాడు విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు. 1912లో ఆయన కనిపెట్టిన పరీక్షలో యంత్రమేమీ లేదు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోవడం, రుచి చూసేవాళ్లు ‘ఇక కారం తెలియడం లేదు’ అనగానే ఆపడం. అంతవరకూ ఎన్ని రెట్లు పలచన చేశారో అదే ఆ కాయకు స్కోవిల్ అంకె. ఇప్పుడు ఆ పని క్రొమటోగ్రఫీ యంత్రాలు చేస్తున్నాయి గానీ పేరు మాత్రం పాతాయనదే.

ఈ లెక్కన మన గుంటూరు సన్నం 30–40 వేల చుట్టూ ఉంటుంది. తేజ రకం దాన్ని దాటిపోతుంది. వరంగల్ వైపు పండే చపాటా మిరప అందుకు పూర్తిగా ఎదురు. చూడటానికి ఎర్రగా, బొద్దుగా ఉంటుంది, కారం మాత్రం అంతంతే. రంగు కోసమే దాన్ని కొంటారు. పది లక్షల గీత దాటి 2007లో గిన్నిస్‌కెక్కింది ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా. ఆ తర్వాత పోటీ అమెరికాకు మళ్లింది. దక్షిణ కరోలినాలో ఎడ్ కర్రీ అనే మిరప రైతు కరోలినా రీపర్‌తో ఒకసారి, 2023 అక్టోబరులో పెప్పర్ ఎక్స్‌తో మరోసారి కిరీటం ఎత్తుకుపోయాడు. పెప్పర్ ఎక్స్ అంకె 26 లక్షల 93 వేలు. ఏ కాయలోనైనా మండేది క్యాప్సైసిన్ అనే పదార్థమే. దాన్ని శుద్ధంగా వేరుచేస్తే అంకె కోటీ అరవై లక్షలు.

అక్కడితో అయిపోలేదు. మొరాకోలో పెరిగే జెముడు జాతి మొక్క పాలలో రెసినిఫెరాటాక్సిన్ అనే పదార్థం ఉంది. దాని అంకె 1600 కోట్లు. అది తినే వస్తువు కాదు, ఒంటికి తగిలితే కాల్చేస్తుంది. నొప్పిని మెదడుకు మోసుకెళ్లే నరాల కొసలను మొద్దుబార్చే గుణం ఉంది కాబట్టి నొప్పి మందుగా పనికొస్తుందేమోనని పరిశోధకులు దాని వెంటబడ్డారు.

ఇంతకీ కారం రుచి కాదు, నొప్పి. ఒంట్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుని ‘కాలుతోంది’ అని కబురు పంపడం దాని పని. క్యాప్సైసిన్ వేడి లేకుండానే ఆ తలుపు తీస్తుంది. మెదడు నమ్మేస్తుంది, చెమట పట్టిస్తుంది. ఈ గుట్టు విప్పినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఈ గ్రాహకానికి క్యాప్సైసిన్ పట్టదు. రామచిలుక పండుమిర్చిని జాంపండులా తినేది అందుకే. మిరప మొక్కకూ కావలసింది అదే. గింజల్ని నమిలి పాడుచేసే జంతువులు దూరంగా పోవాలి, మింగి దూరంగా విసర్జించే పక్షులు దగ్గరికి రావాలి.

కారమంతా గింజల్లో ఉంటుందనుకుంటారు, కానీ గింజలు అంటుకునే తెల్లటి పొర దాని అసలు కాపురం. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కొత్త ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుని చెంబెడు నీళ్లు తాగినా లాభం లేకపోవడం, నెయ్యీ పెరుగన్నమూ మాత్రం ఆదుకోవడం ఇందువల్లే. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ కూడా క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీదినుంచి లాగేస్తుంది.

మిరప ఎరుపుకీ ఒక రికార్డుంది, అది చెడ్డది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందలాది రకాల సాసులు, రెడీ భోజనాలు దుకాణాల నుంచి వెనక్కి తీయించారు. ఆ దేశం అప్పటిదాకా అంత పెద్ద ఆహార రీకాల్ చూడలేదు. మూలం వెతికితే మన దేశం నుంచి వెళ్లిన కారప్పొడి తేలింది. అందులో సుడాన్ 1 అనే రంగు కలిపారు. మైనాలకూ బూటు పాలిష్‌కూ వేసే రంగది.

చేదుకు చక్రవర్తి

కాకరకాయ చేదు. నేలవేము అంతకన్నా చేదు. ఈ రెండూ డెనటోనియం ముందు పసిపిల్లలు. 1958లో ఎడిన్‌బరోలో ఒక మందుల కంపెనీ వాళ్లు మత్తుమందు కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. గిన్నిస్ లెక్కలో ప్రపంచంలోకెల్లా చేదైన పదార్థం ఇదే. ఒక టీస్పూనుడు, అంటే అయిదు గ్రాములు, 500 లీటర్ల నీళ్లలో కలిపితే ఆ నీళ్లు ఎవరూ నోట పెట్టుకోలేరు. విషం కాదు, ఒట్టి చేదు. కాబట్టే పిల్లలు తాగేస్తారేమోనన్న భయమున్న స్పిరిట్లలో, కారు రేడియేటర్ ద్రవాల్లో, ఎలుకల మందులో దీన్ని కలుపుతారు. నింటెండో స్విచ్ ఆటల కార్డు నాలుకకు తగిలితే చేదుగా ఉండేది కూడా ఈ పూతవల్లే.

నాలుక మీద తీపి పట్టే గ్రాహకం ఒక్కటే రకం. చేదు పట్టేవి పాతిక రకాలు. ప్రకృతిలో విషాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి కాబట్టి కాపలాదార్లను అటే ఎక్కువగా పెట్టింది. పిల్లికైతే ఆ ఒక్క తీపి గ్రాహకమూ చెడిపోయింది. పాయసం పెట్టినా దానికి తెలిసేది పాలూ నెయ్యే.

తీపి, పూర్తిగా పొరపాటున

ఫ్రాన్సులోని లియాన్‌లో 1990లలో తయారైన లుగ్డునేమ్‌దే తీపిలో రికార్డు. పంచదారకు రెండు లక్షల రెట్లకు పైగా తీపి. కిలో పంచదార తీపి ఇవ్వడానికి అయిదు మిల్లీగ్రాములు కూడా అక్కర్లేదు. తినడానికి అనుమతి లేదు కాబట్టి ప్రయోగశాల దాటి రాలేదు. అనుమతి ఉన్నవాటిలో అడ్వాంటేమ్ 20 వేల రెట్లు.

నాకైతే ఈ తీపి పదార్థాల అంకెలకన్నా వాటి పుట్టుకే వింతగా తోస్తుంది. 1879లో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ తారు మీద పనిచేసి, చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అదే శాకరిన్. 1937లో మైకేల్ స్వేడా ప్రయోగశాల బల్ల అంచున పెట్టిన సిగరెట్టును మళ్లీ నోట పెట్టుకుంటే తియ్యగా ఉంది. అది సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్ కాగితం తీయడానికి వేలు తడిచేసుకున్నాడు, అస్పర్టేమ్ దొరికింది. వీళ్లందరిలోకీ మనవాడి కథ ఇంకా గమ్మత్తు. 1976లో లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో శశికాంత్ ఫడ్నిస్ అనే భారతీయ పరిశోధకుణ్ని, క్లోరిన్ చేర్చిన పంచదారను ‘టెస్ట్’ చెయ్యమన్నారు. ఆయనకు ‘టేస్ట్’ అని వినబడింది. నాలుక మీద వేసుకున్నాడు. పంచదారకు 600 రెట్ల తీపి. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ల కాఫీలో పడుతున్న సుక్రలోజ్ ఆ నాటిదే. ప్రయోగశాలలో ఏదీ నోట పెట్టుకోరాదన్న నియమాన్ని అందరూ పాటించి ఉంటే ఈ నాలుగూ ఉండేవి కావు!

కంపులో గంధకానికి సాటిలేదు

ఉల్లిపాయ, ఇంగువ, వంటగ్యాసు. ఈ మూడింటి వాసన వెనకా ఉన్నది ఒకే మూలకం, గంధకం.

గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. మనకు తెలిసే ఆ కంపు ఇథైల్ మెర్‌కాప్టన్‌ది, కావాలని కలిపింది. ప్రపంచంలోకెల్లా దుర్గంధమైన పదార్థాల్లో ఒకటిగా గిన్నిస్ దీన్ని నమోదు చేసింది. గాలిలో వంద కోట్ల భాగాలకు ఒక్క భాగం కన్నా తక్కువున్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది. దీన్ని కలపడం చట్టమైన కథ విషాదం. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరి బడి నేల కింద వాసనలేని గ్యాసు పేరుకుని పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. డబ్బు కలిసొస్తుందని బడివాళ్లు చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాసును గొట్టం వేసి తెచ్చుకున్నారు. ఆ వెంటనే టెక్సస్ ప్రభుత్వం గ్యాసుకు వాసన తప్పనిసరి చేసింది, తర్వాత లోకమంతా అదే దారి. మన సిలిండరులోని గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి అనుమానం వస్తే కిందిభాగాన గాలాడే తలుపులు తెరవాలి, ఫ్యాను స్విచ్ మాత్రం ముట్టుకోకూడదు. అమెరికాలో ఒక జాతి రాబందులు కుళ్లిన శవమనుకుని లీకైన గ్యాసు గొట్టాల మీద గుమిగూడేవట. చమురు కంపెనీ ఇంజినీర్లు వాటిని చూసి లీకులు కనిపెట్టేవారు.

ఇంగువను జర్మన్లు దయ్యపు పెంట అంటారు. పోపులో పడి వేడి నూనె తగిలాక ఆ గంధకపు కంపు ఉల్లి, వెల్లుల్లి పరిమళంగా మారిపోతుందన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రపంచంలో ఇంగువ ఎక్కువగా తినేది మనమే, ఇన్ని శతాబ్దాలూ మన నేల మీద సాగు చేయనిదీ మనమే. ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ల నుంచే తెచ్చుకున్నాం. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్‌కు పాలంపూర్‌లో ఉన్న సంస్థ హిమాచల్‌ప్రదేశ్ లాహౌల్ లోయలో తొలి మొక్క నాటించింది. డబ్బాలో కొనే ఇంగువలో అసలు సరుకు కొద్దిగా, మిగతాది మైదా, బంక. శుద్ధమైనది ఎవరూ భరించలేరు.

ఉల్లిపాయ కన్నీళ్ల వెనక ఒక ఎంజైమ్ ఉందని 2002లో జపాన్ పరిశోధకులు పట్టుకున్నారు. కోసినప్పుడు కణాలు చిట్లి, అది పనిమొదలుపెట్టి గంధకమున్న ఒక ఆవిరిని కళ్లలోకి పంపుతుంది. 2013లో వాళ్లకు ఇగ్‌నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి, ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేదది. వీళ్లది ఏడిపించాక ఆలోచింపజేసింది.

ముక్కు గెలిచిన పందెం

తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసనలో ముఖ్యమైనది జియోస్మిన్. మట్టిలో బాక్టీరియా దీన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల భాగాల నీళ్లలో అయిదు భాగాలున్నా మనిషి ముక్కు గుర్తుపడుతుంది. కన్నౌజ్‌లో ఆ వాసననే అత్తరుగా దింపుతారు. అదే పదార్థం బీట్‌రూట్‌లోనూ ఉంది. దాన్ని తినలేనివాళ్లు ‘మట్టి తిన్నట్టుంది’ అని మూతి ముడవడంలో అబద్ధం లేదు.

చెరువు చేపలోనూ అదే. కైకలూరు, భీమవరం వైపు చెరువుల బొచ్చె, శీలావతి కొన్నిసార్లు బురద వాసన కొడితే కారణం జియోస్మినే. ఆమ్లం తగిలితే అది విరిగి వాసన లేనిదిగా మారుతుంది. చేపను నిమ్మకాయతో రుద్ది కడగడం, చింతపండు పులుసులో ఉడికించడం వెనక రసాయనశాస్త్రం అది. ఈ సంగతి తెలిసేసరికి ప్రపంచం ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చింది, మన వాళ్ల పులుసు అప్పటికే కాగుతూ ఉంది.

చింతపండు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. చాలా పండ్ల పులుపు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలది. చింతపండుది టార్టారిక్ ఆమ్లం. మనం రోజూ వాడే పండ్లలో అది ఇంత దండిగా మరెందులోనూ ఉండదు. మాగినా ఆ ఆమ్లం తగ్గదు, పైగా చక్కెరలు చేరతాయి, ఒకే గుజ్జులో రెండూ. ఇత్తడి బిందెను తళతళలాడించేదీ ఈ ఆమ్లమే, అదే బిందెలో చారు కాస్తే రాగిని కరిగించి కడుపులోకి పంపేదీ ఇదే. ఇత్తడి గిన్నెలకు లోపల తగరంతో కళాయి వేయించేవారు అందుకే.

పసుపు మీద కేసు

సాంప్రదాయ జ్ఞానం మీద ఇచ్చిన అమెరికా పేటెంటును ఒక వర్ధమాన దేశం ఎదిరించి గెలవడం మొదటిసారి పసుపు విషయంలో జరిగిందని చెబుతారు. పుండు మాన్పడానికి పసుపు వాడటం తమ ఆవిష్కరణ అంటూ 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు తీసుకుంది. శాస్త్రవేత్త మషేల్కర్ నాయకత్వంలోని సీఎస్ఐఆర్ పాత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసమూ ముందుపెట్టి వాదిస్తే 1997లో రద్దయింది. అమ్మమ్మను సాక్షిగా పిలిచినా ఒప్పుకునేవారు కాదు, పేటెంటు ఆఫీసుకు అచ్చులో ఉన్నదే ఆధారం.

పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణంతోనే. చీర మీది పసుపు మరకకు సబ్బు పెట్టగానే ఎర్రటి మచ్చ తేలి గుండె గుభేలుమంటుంది. సబ్బులోని క్షారమే దానికి కారణం. కడిగేసి ఎండలో వేస్తే సరి, పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకు తాళలేదు.

రాజుల రంగు చాకిరేవుకు

దిగజారిన దర్జాకు బహుమతి ఇవ్వాలంటే బట్టల నీలానికి ఇవ్వాలి. తెల్లబట్టలకు పెట్టే నీలం పొడి పేరు అల్ట్రామెరైన్. ఒకప్పుడు దీన్ని ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల రాయిని నూరి తీసేవారు. ఐరోపా చిత్రకారులకు అంతకన్నా ఖరీదైన రంగు అరుదు, మేరీమాత వస్త్రానికి దాచుకుని వాడేవారు. 1824లో ఫ్రాన్సులో పరిశ్రమల ప్రోత్సాహక సంఘం ఒకటి, దీన్ని చవకగా చేసినవారికి 6000 ఫ్రాంకులు ఇస్తామంది. 1828లో జాన్ బాప్తిస్త్ గిమె గెలిచాడు. బంకమట్టి, సోడా, బొగ్గు, గంధకం కలిపి కాల్చడమే పద్ధతి. కొన్ని దశాబ్దాల్లో ఆ రంగు చాకిరేవులకు, మన ఊళ్లలో గోడలకు వేసే సున్నపు బకెట్లకు చేరింది.

దాని నీలిమకు కారణం స్ఫటికపు గూడులో బందీలైన మూడేసి గంధకపు పరమాణువులు. ఆమ్లం పడితే గూడు కూలి, రంగు పోయి, కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది. మళ్లీ గంధకమే! తెల్లబట్ట పాతబడితే పసుపు రంగు తిరుగుతుంది, నీలం ఆ పసుపును కప్పి కంటికి తెలుపనిపిస్తుంది. మరక పోవడం లేదు, కన్ను మోసపోతోంది.

హారతి కర్పూరమూ సినిమా రీలూ

కర్పూరం ద్రవం కాకుండానే ఆవిరైపోతుంది, కాలితే బూడిద మిగలదు. దానికి మరో ఘనత ఉంది. ప్లాస్టిక్కుల్లో మొదట వ్యాపారంగా నిలదొక్కుకున్నవాటిలో ఒకటైన సెల్యులాయిడ్‌ను జాన్ వెస్లీ హయ్యట్ 1870లో పేటెంటు చేసింది కర్పూరం కలిపే. దంతంతో చేసే బిలియర్డు బంతులకు బదులు వెతుకుతూ దాన్ని పట్టుకున్నాడు. దువ్వెనలు, పింగ్‌పాంగ్ బంతులు, తొలితరం సినిమా రీళ్లు అన్నీ అదే. తేలిగ్గా అంటుకుంటాయి కాబట్టి ఆ రీళ్లలో చాలా తగలబడ్డాయి. ఇప్పుడు దుకాణాల్లో కొనే పూజ కర్పూరం ఎక్కువగా టర్పెంటైన్ నుంచి తయారైనదే, తినే పచ్చకర్పూరం వేరు. పొరపాటున పూజ కర్పూరం మింగిన పిల్లలకు ఫిట్స్ వస్తాయి, అందని చోట పెట్టాలి.

పనికిరాని జోడీ, ప్రాణం తీసే జోడీ

వంటసోడాలో వెనిగర్ పోసి సింకు శుభ్రం చేసే వీడియోలు చూసే ఉంటారు. బుసబుస బాగుంటుంది. చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు. విడివిడిగా ఒక్కొక్కటీ మంచి క్లీనరే, కలిపితే రెండూ దండగ.

బ్లీచింగూ, టాయిలెట్ క్లీనరూ అలా కాదు. మన దగ్గర దొరికే చాలా క్లీనర్లలో పది శాతం చుట్టూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్లు వదిలిన వాయువు అదే. ‘రెండూ కలిపితే బాగా తెల్లబడుతుంది’ అనే పనిమనిషి సలహా, పక్కింటి పిన్నిగారి సలహా ఈ ఒక్క విషయంలో వినకండి.

జీవితానికి చెంచాడు

ఒంటికి తప్పనిసరైన పోషకాల్లో అతి తక్కువ కావలసినవాటిలో అయొడిన్ ఒకటి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు. డెబ్భై ఏళ్లకు లెక్కగడితే నాలుగు గ్రాములు దాటదు, ఒక టీస్పూన్ కూడా నిండదు. కానీ అది రోజూ కొద్దికొద్దిగా అందాలి. ఉప్పులో పొటాషియం అయొడేట్‌గా కలపడం అందుకే. కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయొడిన్ ఉండాలి.

ఈ పద్ధతికి మన దేశంలో బలమైన రుజువు చూపినవాడు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాచల్ కాంగ్రా లోయలో ఆయన బృందం లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందించింది. కొన్నేళ్లకు మొదటి రెండుచోట్లా గొంతువాపు బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

అయొడిన్ తక్కువైతే గొంతు వాస్తుంది. దాని చుట్టమైన ఫ్లోరిన్ ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. టూత్‌పేస్టులో పది లక్షల భాగాలకు వెయ్యి భాగాల చుట్టూ ఉన్నా ఉమ్మేస్తాం కాబట్టి పంటికి మేలు. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే కీడు. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు చవకైన విరుగుడు ఒకటి తయారుచేశారు. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ కలిపి చిలికి, తేరనిస్తే ఫ్లోరైడ్ చాలావరకు అడుక్కి దిగుతుంది. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో కూడా దాన్ని బకెట్లతో వాడి చూశారు. ప్రపంచమంతటా నీటిశుద్ధి పుస్తకాల్లో దాని పేరు నల్గొండ టెక్నిక్.